ఎలుకల మెదడు వార్త – మన పిల్లల చదువు



పోయిన వారం దహావీ చదివే ఒక బాబు తండ్రి ఆఫీసుకొచ్చి, ఫోన్‌లో ఒక వార్త చూపించారు. "సార్, ఎలుకల మెదడుల జ్ఞాపకశక్తి ఎంజైమ్ దొరికిందంట. అలాంటి టానిక్ మావాడికి తెప్పించాలా? రాత్రి రెండింటి దాకా కూసోబెడుతున్నం, అయినా యాదుంటలేదు" అన్నారు. ఇదే ప్రశ్న ఇంకా చాలా ఇళ్లలో ఉంటుందని ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ఎంజైమ్ అంటే శరీరంలో రసాయన క్రియలను వేగంగా జరిపించే ప్రోటీన్. అన్నం బాగా నమిలితే తియ్యగా అనిపిస్తుంది కదా, అది లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ పని. మెదడులో కామ్ కైనేజ్-2 అనే ఎంజైమ్ ఉంది. మనం నేర్చుకునేటప్పుడు నాడీకణంలోకి కాల్షియం వస్తుంది. అప్పుడు ఇది ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసుకొని ఇతర ప్రోటీన్లకు తగిలిస్తుంది. దాంతో కణాల మధ్య లంకె బలపడుతుంది. 1992లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో సిల్వా, టొనెగావా బృందం ఈ ఎంజైమ్‌లో ముఖ్యమైన రకం లేని చిట్టెలుకలను పరీక్షించింది. నీళ్ల తొట్టిలో మునిగి ఉన్న దిమ్మె ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడం వాటికి కష్టమైంది.

మరి ఒక్క ఎంజైమ్‌ను పెంచితే చాలా? చాలదు. పీకేఎం జీటా అనే ఎంజైమే జ్ఞాపకాన్ని నిలుపుతుందని కొందరు శాస్త్రజ్ఞులు గట్టిగా నమ్మారు. 2013లో రెండు ప్రయోగశాలలు అది లేని చిట్టెలుకలను చూస్తే, అవి మామూలుగానే నేర్చుకున్నాయి. మెదడు పని ఒక్క సీసా మందుతో తేలేది కాదు. అందుకే ఎలుకల వార్త చూసి టానిక్‌కు డబ్బు పెట్టవద్దు.

ఆ తండ్రికి పనికొచ్చే ప్రయోగం ఇంకొకటి ఉంది. 2009లో టెడ్ ఏబెల్ బృందం చిట్టెలుకలను 5 గంటలు నిద్రపోనివ్వలేదు. వాటి మెదడులో పీడీఈ-4 అనే ఎంజైమ్ చురుకై, జ్ఞాపకానికి అవసరమైన సి-ఏఎంపీ అనే పదార్థాన్ని తగ్గించింది. నేర్చినది నిలవలేదు. ఎలుక వేరు, మనిషి వేరు, నిజమే. కానీ నిద్ర తగ్గితే చదివింది నిలవదని మనుషుల మీద చేసిన పరిశోధనలూ చెప్తున్నాయి. నేనూ ఒకప్పుడు రాత్రంతా చదవమని పిల్లలకు చెప్పినవాడినే. అది నా పొరపాటు.

కాబట్టి పాలకులారా, పిల్లలను పదింటికల్లా పడుకోబెట్టండి. పిల్లలూ, చదివిన పాఠాన్ని మరునాడు పుస్తకం మూసి అమ్మకో, తమ్ముడికో మన తెలుగులోనే చెప్పి చూడండి. తప్పిన చోట మళ్లీ చదవండి.

ఇంకొక్క మాట. పైన చెప్పిన ఏటీపీని 1929లో ఫిస్క్‌తో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన మెట్రిక్యులేషన్ పాసయ్యింది మూడోసారికి. ఒక పరీక్షలో మార్కులు తగ్గాయని పిల్లవాణ్ని మందబుద్ధి అనకండి.

– మీ ప్రధానోపాధ్యాయుడు, ముద్ఖేడ్