గులాబీ తోట వెనక అదాలత్

పిల్లలతో జపాన్ వెళ్తున్నాం, ఏం చూడమంటారు భాయ్ అని అడిగేవాళ్ళకు నేను ముందు హకొదాతె పేరు చెబుతాను. ఉత్తరాన హొక్కాయిదో ద్వీపంలో అదొక రేవు పట్టణం. కొండవాలులో మొతొమాచి అనే మొహల్లా ఉంది. అక్కడి పాత బ్రిటిష్ కాన్సులేట్ ఇప్పుడు మ్యూజియం. తెల్లటి గోడలు, నీలం కిటికీ చట్రాలు, పైన జపాన్ పెంకులు, గులాబీ తోట, లోపల ఇంగ్లీషు తరహా చాయ్‌ఖానా. మా ఇంటిల్లిపాదికీ నచ్చింది. చాయ్ తాగాం. కేకుల్లో ఏం కలిపారో తెలియక వాటి జోలికి పోలేదు.

నా షికాయత్ అల్లా మనలాంటి ముసాఫిర్ల మీదే. గులాబీల పక్కన నాలుగు ఫోటోలు దిగి, అరగంటలో బయటపడతాం. అసలు కాన్సులేట్ అంటే ఏమిటో పిల్లలకు చెప్పం. వాళ్ళు దాన్ని వీసా ముద్ర వేసే దఫ్తర్ అనుకుంటారు.

1854లో అమెరికాతో చేసుకున్న ఒప్పందంతో జపాన్ తెరిచిన రెండు రేవుల్లో హకొదాతె ఒకటి. 1858లో బ్రిటన్‌తో మరో ఒప్పందం కుదిరింది, మరుసటి ఏడాది ఇక్కడికి కాన్సుల్ వచ్చాడు. ఆ ఒప్పందంలో ఒక షరతు ఉంది: జపాన్ నేల మీద బ్రిటిష్‌వాడు నేరం చేస్తే జపాన్ ఖాజీ ముందుకు రాడు, విచారించేది వాళ్ళ కాన్సులే. ఉస్మానియా సల్తనత్ తారీఖ్ చదివినవాళ్ళకు ఇది కొత్త కాదు. అక్కడ వీటినే ఇమ్తియాజాత్ అన్నారు. తుర్కులు 1914లో రద్దు చేశామని ప్రకటించినా, 1923 లొజాన్ ఒప్పందం దాకా అవి పూర్తిగా వదల్లేదు.

ఆ షరతు బరువేమిటో 1865లో తెలిసింది. హకొదాతె చుట్టుపక్కల మోరి, ఒతొషిబె అనే పల్లెల్లో ఐను ప్రజలు ఉండేవారు. హొక్కాయిదో అసలు వాసులు వాళ్ళు. కాన్సులేట్‌తో సంబంధం ఉన్న ఇంగ్లీషువాళ్ళు వెళ్ళి వాళ్ళ ఖబరస్తాన్‌లు తవ్వి ఎముకలు ఎత్తుకొచ్చారు. మనుషుల్ని జాతులుగా కొలిచే "ఇల్మ్" పిచ్చి యూరప్‌లో జోరుగా ఉన్న రోజులవి. ఫిర్యాదు హకొదాతె హాకిమ్ దగ్గరికి చేరింది. కానీ నిందితులను విచారించే అధికారం ఆయనకు లేదు. తన కింది మనుషుల నేరాన్ని ఆ కాన్సులే తూచాలి! హాకిమ్ మాత్రం వదల్లేదు. పట్టుబట్టి నిలదీశాడు. చివరికి ఎముకలు వెనక్కి ఇచ్చారు, కాన్సుల్ వైస్ పదవి పోయింది.

యూదుడి జనాజా వెళ్తుంటే నబీ (సల్లల్లాహు అలైహి వసల్లం) లేచి నిలబడ్డారని మనం పిల్లలకు చెబుతాం కదా. మరి ఐనుల ఖబర్ల కథ వినిపించడానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

ఇన్సాఫ్‌గా ఒక మాట చెప్పాలి. మనం చూసే గోడలు ఆ అదాలత్‌ను చూడలేదు. పాత కట్టడాలు మంటల్లో పోయాయి, ఇప్పుడున్నది 1913లో కట్టింది. అప్పటికే, 1899లో, జపాన్ ఆ షరతును వదిలించుకుంది. 1934లో కాన్సులేట్ మూతపడింది, 1992లో మ్యూజియంగా తెరిచారు. వచ్చిన కాన్సుల్‌లందరూ ఒకలాంటివాళ్ళూ కాదు. యూస్‌డెన్ అనే ఆయన ఊరికి ఒక పార్కు ఉండాలని ప్రోత్సహించాడు, హకొదాతె పార్కు నేటికీ ఉంది.

అంతదూరం వెళ్ళలేనివాళ్ళకు కోఠీ ఉంది. రెసిడెన్సీ చూసినవాళ్ళంతా కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసా బేగంల ఇష్ఖ్ కథతోనే బయటికి వస్తారు. నాకూ ఆ కథ ఇష్టమే. అయితే పక్కనే సుల్తాన్ బజార్‌లో చీరలు బేరమాడేటప్పుడు ఇది కూడా చెప్పండి: ఒకప్పుడు దాని పేరు రెసిడెన్సీ బజార్. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్నా, 1933 దాకా అక్కడ నిజాం హుకుం నడవలేదు, నడిచింది రెసిడెంట్ హుకుమే.