మూడో ట్రంపెట్ ఎవరికి?

ఆగస్టు 15కో జనవరి 26కో విశాఖపట్నంలో పాఠశాల బ్యాండు కవాతు చేస్తుంటే చూసేవాళ్ళ కళ్ళన్నీ మొదటి ట్రంపెట్ల మీదే ఉంటాయి. పాట వరస వాళ్ళది. వాళ్ళ పక్కనే అదే వాయిద్యం పట్టుకుని, ఎవరికీ విడిగా వినపడని స్వరాలు ఊదే పిల్లలు ఇంకొందరుంటారు. వాళ్ళని సెకండ్ ట్రంపెట్, థర్డ్ ట్రంపెట్ అంటారు. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదివే బళ్ళలో ఆ మూడో భాగం ఎవరికి ఇస్తున్నారో ఒకసారి గమనించమని కోరుతున్నాను.

హింస, వేతనాలు, భూమి హక్కులు వంటి సమస్యలుండగా పిల్లల బ్యాండు గురించి ఇన్ని పేజీలెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. పని ఎలా పంచుకోవాలి, ఎవరు ముందు నిలబడాలి, ఎవరు వెనక ఆసరాగా ఉండాలి అన్న పాఠం మన పిల్లలకి పుస్తకాల్లోంచి రాదు. ఇలాంటి చోట్లే వస్తుంది. పన్నెండేళ్ళకి వంటబట్టిన ఆ పాఠం తర్వాత ఆఫీసులోనూ, యూనియన్‌లోనూ, సంఘంలోనూ మనతో పాటే నడుస్తుంది.

ముందు ఆ మూడో భాగం ఏమిటో చూద్దాం. ట్రంపెట్ గొట్టాన్ని సాగదీస్తే దాదాపు ఐదడుగులుంటుంది. ఉండేవి మూడు మీటలే. మిగతాదంతా పెదవుల బిగింపు, ఊపిరి. మొదటి భాగం పై స్థాయిలో పాట వరసని నడుపుతుంది. రెండోది దానికి కాస్త దిగువన జోడీ కడుతుంది. మూడోది ఇంకా కింద, ఒక్కోసారి ఒకే స్వరాన్ని లెక్క తప్పకుండా పట్టి ఉంచుతుంది. ఇది తేలిక పనేమీ కాదు. మొదటి, మూడో మీటలు కలిపి నొక్కితే వచ్చే కింది స్వరాలు స్వభావరీత్యా కొంచెం హెచ్చుగా పలుకుతాయి. ఎడమచేతి వేలితో చిన్న గొట్టాన్ని బయటికి జరిపి వాటిని సరిచేసుకోవాలి. పైవాళ్ళు తమ శ్రుతి చూసుకునేది ఈ కింది స్వరం మీదే. అది చెడితే పైన ఎంత బాగా ఊదినా చెవికి ఇంపుగా ఉండదు. అంటే మూడో భాగం కింది స్థాయి స్వరాలదే గాని కింది స్థాయి పని కాదు.

సమస్య ఆ భాగంలో లేదు, దాన్ని పంచే తీరులో ఉంది. నగరంలో కొన్ని బళ్ళలో సాధన చూశాను, బ్యాండులో ఉన్న అమ్మాయిలతో మాట్లాడాను. ఇది లెక్కలు కట్టిన సర్వే కాదు. కానీ చోటు మారినా మాటలు మారలేదు. అమ్మాయిలకి ముందు ఇచ్చేది తాళాలు, గంటల వాయిద్యం, లేదా బడి పేరున్న బ్యానరు. పట్టుబట్టి ట్రంపెట్ అడిగినవాళ్ళకి మూడో భాగం. ఎందుకని అడిగితే "ఆడపిల్లలకి ఊపిరి చాలదండీ" అన్నారు ఒకచోట. "బుగ్గలు ఉబ్బించి ఊదితే బాగుండదని ఇంట్లోవాళ్ళే వద్దంటారు" అన్నారు మరోచోట. "మేం బుద్ధిగా లెక్క తప్పకుండా ఊదుతామని థర్డ్ ఇచ్చారు మేడం" అని ఒక అమ్మాయి సంతోషంగానే చెప్పింది. ఈ మూడో మాట దగ్గర ఆగాలి. మొదటి రెండూ అవమానాలని తెలిసిపోతాయి. ఇది మాత్రం మెచ్చుకోలు రూపంలో వచ్చింది. బుద్ధిమంతురాలు కాబట్టి వెనక ఉండమంటోంది.

ఊపిరి వాదాన్ని పరీక్షిద్దాం. పై స్వరాలు పలకడానికి కావలసింది పెదవుల బిగింపు, గాలి వేగం. అంతే బిగ్గరగా కింది స్వరం పలికించాలంటే గాలి ఇంకా ఎక్కువ పరిమాణంలో ఖర్చవుతుంది. నిజంగా ఊపిరి తక్కువని నమ్మితే అమ్మాయిలకి మూడో భాగం ఇవ్వనే కూడదు! చెప్పే కారణానికీ చేసే పనికీ పొంతన లేదంటే అసలు కారణం ఇంకోచోట ఉందనే అర్థం. పై స్వరాలకి రోజూ సాధన కావాలి. బడి ట్రంపెట్ సాయంత్రం ఎవరి ఇంటికి వెళ్తుంది? రెండు గదుల క్వార్టర్లో, పక్కవాళ్ళు వింటుండగా, అమ్మాయి బాకా ఊదితే ఎవరు ఒప్పుకుంటారు? ఆమె చేతిలో ఉండవలసిన ఆ గంటలో ఇంటిపని ఎవరు చేస్తారు? ఆరు నెలల తర్వాత అబ్బాయి పెదవులు గట్టిపడతాయి. "చూశారా, వాడికే వస్తోంది" అంటారు. సాధన చేసుకునే వీలు లేకపోవడం అలా సహజ బలహీనతగా చలామణీ అవుతుంది.

ఇది మన ఊరి గొడవే కాదు. ఏ వాయిద్యం ఎవరిదన్న విషయం మీద అమెరికాలో 1978లో ఏబెలిస్, పోర్టర్ అనే పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఫ్లూటు, వయొలిన్ ఆడవాళ్ళవని, ట్రంపెట్, ట్రొంబోన్, డ్రమ్ములు మగవాళ్ళవని జనం అనుకుంటున్నట్టు అందులో తేలింది. ఆ నమ్మకం ఎంతదూరం పోతుందో జర్మనీలో అబీ కోనంట్ అనే ట్రొంబోన్ కళాకారిణి అనుభవం చెబుతుంది. 1980లో మ్యూనిక్ ఫిల్హార్మనిక్ వాళ్ళు అభ్యర్థుల్ని తెర వెనక నిలబెట్టి పరీక్షించారు. ఆమెకొచ్చిన పిలుపు ఉత్తరంలో 'శ్రీ' అని పురుషుణ్ణి సంబోధించినట్టే ఉంది. తెర వెనక వాయించి ఆమె మొదటి స్థానానికి ఎంపికైంది. తెర తీశాక ఆడమనిషి కనిపించింది. 1982లో ఆమెని రెండో ట్రొంబోన్‌కి దించారు. శారీరక బలం చాలదన్నారు. తన ఊపిరితిత్తులు బాగున్నాయని వైద్య పరీక్షలు చేయించుకుని మరీ ఆమె రుజువు చేయవలసి వచ్చింది. కోర్టుల్లో గెలిచింది గాని, తోటి పురుషులతో సమానమైన జీతం కోసం 1993 దాకా పోరాడింది. వియన్నా ఫిల్హార్మనిక్ 1997 దాకా స్త్రీలని సభ్యులుగా చేర్చుకోలేదు. ఆ ఏడు చేర్చుకున్న అన్నా లెల్కెస్ అంతకుముందు ఇరవై ఏళ్ళకు పైగా అక్కడ హార్ప్ వాయిస్తూనే ఉంది. సభ్యత్వం మాత్రం లేదు.

మన దగ్గర ఊదే వాయిద్యానికి కులమూ ఉంది. నాదస్వరం నాయీబ్రాహ్మణ కుటుంబాలదీ, కోస్తాలో కొన్ని ముస్లిం కుటుంబాలదీ. ఆ కుటుంబాల్లోనూ వాయిద్యం తండ్రి నుంచి కొడుక్కే వెళ్ళింది. ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన కాలీషాబీ భర్త మహబూబ్ సుభానీతో సమానంగా నాదస్వరం ఊది, 2021లో ఇద్దరూ కలిసి పద్మశ్రీ అందుకున్నారంటే అది ఎంత పెద్ద దాటో ఊహించుకోవచ్చు. మామూలు పెళ్ళి ఊరేగింపుల్లో నెత్తిన లైట్లు మోసే ఆడవాళ్ళని చూశాం. ట్రంపెట్ ఊదే ఆడమనిషి ఎంతమందికి కనిపించింది?

తెలుగులో 'వంత పాడటం' అంటే చులకన. కానీ బుర్రకథ చూసినవాళ్ళకి వంతల విలువ తెలుసు. కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి వాళ్ళే ఇస్తారు. హాస్యం ఒకరిది, రాజకీయం ఒకరిది. 1940లలో మోటూరి ఉదయం నాయకత్వంలో స్త్రీల బుర్రకథ దళం ఊరూరా తిరిగింది. అక్కడ కథ చెప్పిందీ స్త్రీయే, వంత పాడిందీ స్త్రీలే. అప్పుడు వంత ఆడదాని గుర్తుగా మిగల్లేదు, దళంలో ఒక పనిగా నిలిచింది.

ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. మూడో భాగం గొప్పదని అమ్మాయికి చెప్పి ఊరుకుంటే, వంటింటికి నువ్వే రాణివి అన్న పాత మాటనే మరోలా చెప్పినట్టవుతుంది. అలాగని అందరికీ మొదటి భాగమే కావాలంటే, వెనక చేసే పని నీచమైనదని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. ఇంటిచాకిరీ విషయంలోనూ మన ఉద్యమం ఈ రెండు కొసల మధ్యే నలిగింది. ఆ పనికి గౌరవం ఉండాలి, అది ఒక్కరి నెత్తినే ఉండకూడదు. రెండూ కలిపి అడగాలి.

కేంద్ర విద్యా, రక్షణ శాఖలు కలిసి నిర్వహించే జాతీయ పాఠశాల బ్యాండు పోటీల్లో బాలికల బ్రాస్ బ్యాండుకి విడిగా విభాగం ఉంది. అక్కడ మొదటి ట్రంపెట్ కూడా అమ్మాయే ఊదుతుంది, ఊపిరి ఎవరికీ చాలకుండా పోలేదు. 2024 జనవరి 26న ఢిల్లీ పోలీసుల పూర్తి మహిళా బ్యాండు కవాతులో నడిచింది. అదే ఏడాది నౌకాదళం అగ్నివీర్ సంగీతకారుల ఎంపికకి ఆడపిల్లలనీ పిలిచింది. తూర్పు నౌకాదళ కేంద్రమైన మన ఊళ్ళో, నేవీ బ్యాండు వింటూ పెరిగే అమ్మాయికి ఇది దూరపు విషయం కాదు, ఉద్యోగం. ఎనిమిదో తరగతిలో మూడో భాగానికే కట్టిపడేసిన పిల్ల ఆ ఎంపికలో పై స్వరాలు ఎలా పలికిస్తుంది?

కాబట్టి ఈ నగరంలో బళ్ళతో పనిచేసే సంఘాలు ఉపాధ్యాయుల్నీ, తల్లిదండ్రుల కమిటీలనీ నాలుగు విషయాలు అడగాలి. ఎంపిక తెర వెనక జరగాలి. పరదా కట్టడానికి ఒక దుప్పటి చాలు. తెర పద్ధతి వల్ల స్త్రీలకి అవకాశాలు పెరిగాయని 2000లో గోల్డిన్, రౌస్ వాదించారు. వాళ్ళ లెక్కల గట్టితనం మీద తర్వాత ప్రశ్నలు వచ్చినా, చూడకుండా వినడంలో అన్యాయమేమీ లేదు. రెండోది, భాగాలు పాటపాటకీ మారాలి. మొదటి భాగం ఊదేవాళ్ళ పెదవులకి విశ్రాంతి దొరుకుతుంది, మూడో భాగంలోని కష్టం అబ్బాయిలకీ తెలుస్తుంది. మూడోది, వాయిద్యం వంతులవారీగా ఇళ్ళకి వెళ్ళాలి, ఇంట్లో వీలుకాని పిల్లలకి బళ్ళోనే సాధన సమయం ఉండాలి. నాలుగోది, బహుమతుల రోజున మూడు భాగాల వాళ్ళ పేర్లూ చదవాలి.

ఇవే ప్రశ్నలు మన సంఘాలకీ వర్తిస్తాయి. సభలో మైకు ఎవరిది? మినిట్స్ రాసేది, జాజిం పరిచేది, బస్సు మాట్లాడేది, రాత్రి బాధితురాలితో ఆస్పత్రిలో ఉండేది ఎవరు? ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఎప్పుడూ మొదటి భాగం, బస్తీ నుంచి వచ్చిన దళిత, మత్స్యకార స్త్రీలు ఎప్పుడూ మూడో భాగం అయితే, దాన్ని అనుభవం అనో సామర్థ్యం అనో పిలవడం బ్యాండు మాస్టారి ఊపిరి వాదం లాంటిదే. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ లెక్క మనమూ తీద్దాం. గత ఏడాది సభల్లో ఎవరు మాట్లాడారు, ఎవరు జాజిం పరిచారు అన్నది రెండు వరసల్లో రాస్తే చాలు. పాఠశాలలకి మన విన్నపం ఆ కాగితం చేతిలో పట్టుకునే ఇద్దాం.