క్షమ వేరు, శిక్ష తగ్గింపు వేరు

గ్రాహం స్టెయిన్స్ హత్య కేసులో యావజ్జీవ ఖైదు అనుభవిస్తున్న మహేంద్ర హెంబ్రం 2025 ఏప్రిల్‌లో విడుదలయ్యాడు. సత్ప్రవర్తనే కారణమని అధికారులు చెప్పారు. ప్రధాన దోషి దారా సింగ్ కూడా తనను విడుదల చేయాలంటూ 2024లో సుప్రీంకోర్టును ఆశ్రయించాడు. ‘భార్యే క్షమించింది కదా, ఇంకా జైలెందుకు?’ అనే ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఓ గుంపు వాహనానికి నిప్పు పెట్టింది. లోపల నిద్రిస్తున్న ఆస్ట్రేలియా మిషనరీ స్టెయిన్స్, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్, ఆరేళ్ల తిమోతి సజీవ దహనమయ్యారు. బారిపదలో కుష్ఠు రోగుల సేవలో ఆయన మూడు దశాబ్దాలకు పైగా గడిపారు. హంతకులను క్షమిస్తున్నట్టు ఆయన భార్య గ్లాడిస్ ప్రకటించారు. వెంటనే స్వదేశానికి వెళ్లిపోకుండా 2004 వరకు అదే సేవ కొనసాగించారు. 2005లో కేంద్రం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

శిలువ మీది నుంచే యేసు తనను చంపుతున్నవారి కోసం ప్రార్థించాడన్న నమ్మకం క్రైస్తవ క్షమకు మూలం. అది పగను వదులుకోవడమే కానీ, జరిగింది నేరం కాదనడం కాదు. క్షమను, నేరానికి పడే శిక్షను కలిపి చూడకూడదన్నదే గ్లాడిస్ వైఖరి కూడా.

చట్టం దారి వేరు. 2003లో కింది కోర్టు దారా సింగ్‌కు మరణశిక్ష వేసింది. 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. 2011లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ఆపై శిక్ష తగ్గింపు ప్రభుత్వ అధికారం. బాధితుల క్షమ దానికి షరతూ కాదు, ఆధారమూ కాదు. బిల్కిస్ బానో కేసులో గుజరాత్ ప్రభుత్వం 2022లో 11 మంది దోషులను వదిలేసింది. ఆమె కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దు చేసింది.

ఒకరు క్షమించారు, మరొకరు న్యాయం కోసం పోరాడారు. ఇద్దరిలో ఎవరూ తక్కువ కాదు. క్షమించిన వారిని ఆదర్శంగా చూపి, క్షమించలేని వారిని కక్షగాళ్లుగా చిత్రించడం అన్యాయం. క్షమించే హక్కు గాయపడినవారిది. ప్రభుత్వం దాన్ని అరువు తెచ్చుకోలేదు. దోషిని వదలాలనుకుంటే అందుకు కారణాలను తానే చూపాలి, జవాబుదారీగా నిలబడాలి.