గొట్టం ఎన్నాళ్లుంది?

మా పెనుగొలనులో పాల కేంద్రం దగ్గర పూటపూటా వెన్న శాతం కొలుస్తారు. తగ్గిందంటే ఎందుకని అడుగుతాం, చీటీ చూపిస్తారు. బెజవాడలో ఓ ఆసుపత్రి ఐసీయూలో మా పెదనాన్న మెడ దగ్గర పెద్ద సిరలోకి గొట్టం వేశారు. ప్రాణం నిలపడానికే వేశారు, కాదనను. వారం దాటాక వణుకుతో జ్వరం పట్టుకుంది. "రక్తంలో ఇన్ఫెక్షన్ అండీ, ఐసీయూ అన్నాక మామూలే" అన్నారు. గొట్టం వేసి ఎన్నాళ్లయింది, ఇంకా అవసరమా అని అడిగాను. డ్యూటీ డాక్టరు నర్సు వైపు చూశాడు. ఆమె కేసు షీటు అటూ ఇటూ తిప్పింది. తేదీ దొరకలేదు. బిల్లులో మాత్రం గ్లౌజులు, సిరంజీలు ఒక్కటీ తప్పిపోలేదు.

మామూలేనా? ఏం మాటండీ అది!

ఆ నర్సు పిల్లను నేననను. రాత్రంతా అన్ని మంచాల మధ్య ఒక్కతే తిరగడం చూశాను. లెక్క రాసే మనిషిని పెట్టని యాజమాన్యాన్ని అంటున్నాను. ఎందరికి గొట్టం ఉందో రోజూ ఒకే వేళకు రాసుకుని నెలాఖరున కూడితే చాలు. పది మందికి ముప్పై రోజులుంటే 300 గొట్టం రోజులు. వాళ్లలో ముగ్గురికి గొట్టం వల్ల రక్తంలో ఇన్ఫెక్షన్ వస్తే వెయ్యి రోజులకు 10. ఇంతే కదా కొలత!

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో పీటర్ ప్రోనోవోస్ట్ బృందం 103 ఐసీయూల్లో ఇలాగే లెక్క రాయించింది. చేతులు కడగడం, గొట్టం వేసేటప్పుడు రోగిని నిలువునా స్టెరైల్ గుడ్డతో కప్పడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, వీలైనంతవరకు గజ్జల్లో వేయకపోవడం, అక్కర తీరగానే తీసేయడం. చేసింది ఇవే. వెయ్యి రోజులకు సగటున 7.7 ఉన్నది ఏడాదిన్నరలో 1.4కు దిగిందని 2006లో ప్రచురించారు. కొత్త మందు లేదు, కోట్ల యంత్రం లేదు.

మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్ ముందుండి నడిపిన నిఘాలో 2017 మే నుంచి 2018 అక్టోబరు దాకా 26 ఆసుపత్రుల ఐసీయూల్లో 2,622 రక్త ఇన్ఫెక్షన్లు తేలాయి. అవి లెక్క రాసిన ఆసుపత్రులు. రాయనివాటిలో పోయినవాళ్లు ఏ పద్దులో ఉన్నారు? మా ఇంట్లోవాళ్లూ "ఆయుష్షు తీరింది" అనుకున్నారు. అలా అనుకుంటే ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. నేననుకోను. ప్రతి మంచం దగ్గరా గొట్టం వేసిన తేదీ రాయండి. ఇవాళ తీసేయొచ్చా అని రోజూ పొద్దున్నే అడగండి. నెల లెక్కను ఐసీయూ తలుపు మీద అంటించండి, మేం చదువుకుంటాం.

పెదనాన్న పదమూడో రోజున పోయాడు. చేతికిచ్చిన కాగితంలో సెప్సిస్ అని రాశారు. గొట్టం వేసిన తేదీ అందులోనూ లేదు.