పుట్టబోయే బిడ్డకూ వీలునామా



బానిసత్వం అనగానే మనకు కొరడా, సంకెళ్లు, ఓడ అడుగున కుక్కిన మనుషులు కళ్ల ముందు మెదులుతారు. ఈసారి ఒక కాగితం గురించి రాస్తాను. మంచాన పడ్డ తండ్రి, తన తర్వాత పిల్లలు ఇబ్బంది పడకూడదని ప్రేమగా రాయించే కాగితం. వీలునామా.

బ్రిటిష్ వాళ్ల కింద ఉన్నప్పుడు వర్జీనియాలో రాసిన వీలునామాల్లో పొలం, ఈకల పరుపు, ఆవులు, మనుషులు ఒకే వరుసలో కనిపిస్తారు. పొలం ఎక్కువగా కొడుకులకు పోయేది. కూతుళ్లకు బానిసలను ఇచ్చేవారు. ఫలానా నల్లజాతి స్త్రీని, ‘ఆమె పెంపును’ నా బిడ్డకు రాసిస్తున్నాను అనే తరహా మాట మళ్లీ మళ్లీ వస్తుంది. పెంపు అంటే ఆమెకు ఇకముందు పుట్టే పిల్లలు. పశువుల ఈతలకు వాడే మాటే తల్లికీ వాడారు. కడుపున పడని బిడ్డకు పేరు లేదు గానీ యజమాని ఉన్నాడు.

దీని వెనక చట్టం ఉంది. బిడ్డ బానిసా కాదా అన్నది తల్లిని బట్టే తేలుతుందని 1662లో వర్జీనియా శాసనసభ చెప్పింది. ఇంగ్లండు ఆచారంలో అన్నీ తండ్రిని బట్టే. గిట్టుబాటయ్యే చోట పితృస్వామ్యాన్ని కూడా ఎంత సులువుగా పక్కన పెట్టారో చూడండి! దొర బానిస స్త్రీని చెరిస్తే పుట్టిన బిడ్డ దొర ఆస్తిలో చేరుతుంది. 1705 చట్టం బానిసలను స్థిరాస్తిగా, అంటే వారసత్వంలో భూమితో సమానంగా లెక్కగట్టింది.

1773లో జాన్ వేల్స్ అనే దొర చనిపోయాడు. కూతురు మార్తా, అల్లుడు థామస్ జెఫర్సన్‌లకు వచ్చిన వాటాలో 135 మంది బానిసలు. వాళ్లలో ఎలిజబెత్ హెమింగ్స్, ఆమె పిల్లలు. ఆ పిల్లల్లో ఆరుగురికి తండ్రి వేల్సే అని ఎలిజబెత్ మనవడు మాడిసన్ హెమింగ్స్ 1873లో చెప్పాడు. (ఫూలే ‘గులాంగిరీ’ అచ్చువేసి, బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికన్లకు అంకితమిచ్చింది కూడా అదే ఏడాది.) అంటే మార్తాకు తండ్రి ఆస్తిగా దక్కింది తన సొంత తమ్ముళ్లూ చెల్లెళ్లూ. మూడేళ్ల తర్వాత ఆ అల్లుడు మనుషులంతా సమానంగా పుట్టారని ప్రకటన రాశాడు.

‘మేమెవరినీ బానిసలుగా పెట్టుకోలేదు, అది తాతల కాలం నాటి మాట’ అని అమెరికాలో ఇవాళ్టికీ వాదిస్తారు. రిజర్వేషన్లు ఇంకెన్నాళ్లని మన క్లాసురూముల్లో అడిగేదీ ఈ గొంతుతోనే. తాతల ఆస్తి కావాలి, ఆ ఆస్తి ఎలా వచ్చిందన్న చరిత్ర వద్దు. తానే ఆస్తి అయిన మనిషికి ఆస్తి ఉండదు, తన బిడ్డకు వీలునామా రాయలేడు. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు దాదాపుగా పేర్లే రాయలేదు. అందుకే తమ ముత్తవ్వ పేరు కోసం నల్లవాళ్లు ఇప్పుడు ఆ దొరల వీలునామాలే తిరగేస్తున్నారు.

వాషింగ్టన్ విడిపించాడు కదా అంటారు. 11 ఏళ్ల వయసులో తండ్రి వీలునామాతో పదిమంది మనుషులకు యజమాని అయినవాడాయన. 1799లో తన వీలునామాలో సొంత బానిసలు 123 మందిని విడిచిపెట్టమన్నాడు. ఎప్పుడు? భార్య పోయాక. వాళ్ల స్వేచ్ఛను ఒక ముసలావిడ చావుకు ముడిపెట్టాడు. వాళ్ల చేతుల్లో తన ప్రాణానికి భద్రత లేదని ఆవిడ అనుకుంటోందని అబిగైల్ ఆడమ్స్ ఒక ఉత్తరంలో రాసింది. 1801 జనవరి 1నే వదిలేసింది.

మౌంట్ వెర్నన్‌లో ఇంకో 153 మంది ఆమె మొదటి భర్త ఎస్టేటు తాలూకు. అతను వీలునామా రాయకుండా పోయాడు. వితంతువుకు మూడో వంతు మీద బతికినంత కాలం అనుభవించే హక్కే దక్కింది, విడిచిపెట్టే హక్కు లేదు. ఈ రెండు గుంపుల మధ్య పెళ్లిళ్లు జరిగాయి. ఆ సంగతి వాషింగ్టన్ వీలునామాలోనే ఉంది. భర్తకు విడుదలైనా భార్యా పిల్లలు బానిసలుగానే మిగిలిన ఇళ్లున్నాయి. 1802లో ఆమె చనిపోయాక వాళ్లను నలుగురు మనవలు, మనవరాళ్లు పంచుకున్నారు.

ఆమె సొంత పేరు మీద ఒక మనిషి ఉన్నాడు, ఎలీష్. అతన్ని విడిపించడానికి ఏ చట్టమూ ఆమెకు అడ్డు లేదు. వీలునామాలో మనవడికి రాసిచ్చింది.