పలాస నూనె, పానిపట్ రబ్బరు

గురుగ్రామ్‌లో ట్రాఫిక్ రోజూ వార్తే. ఆ కార్ల కింద అరిగిపోయే టైర్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. అపోలో టైర్స్ ప్రధాన కార్యాలయం ఈ నగరంలోనే ఉంది. ఆ సంస్థ ఫ్యాక్టరీ ఒకటి ఇప్పటి తిరుపతి జిల్లాలోని చినపాండూరులో 2020లో మొదలైంది. టైరు విషయంలో హర్యానాకూ ఆంధ్రప్రదేశ్‌కూ మరో బంధం కుదిరే వీలుంది. అది జీడిపిక్క తొక్కలో ఉంది.

కారు టైరులో నేలను తాకే పొరకు ఎక్కువగా వాడేది స్టైరీన్ బ్యూటడైన్ అనే కృత్రిమ రబ్బరు. ఇండియన్ ఆయిల్ భాగస్వామిగా పానిపట్‌లో 2013లో ఏటా 1.2 లక్షల టన్నుల సామర్థ్యంతో దాని ప్లాంటు వచ్చింది. ఈ రబ్బరు మెత్తబడాలన్నా, కార్బన్ బ్లాక్‌తో కలవాలన్నా నూనె కావాలి. దశాబ్దాల పాటు ఆ పని చేసింది పెట్రోలియం నుంచి వచ్చే ఆరోమాటిక్ నూనె. అందులోని కేన్సర్ కారకాలు టైరు అరిగేకొద్దీ ధూళిలో కలుస్తాయి. అందుకే ఐరోపా యూనియన్ 2010 జనవరి 1 నుంచి వాటికి కఠిన పరిమితి విధించింది. యోకొహామా నారింజ నూనెను, గుడ్‌ఇయర్ సోయా నూనెను ఎంచుకున్నాయి. వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే మన దేశం సోయాను టైర్లలో పోయగలదా?

జీడి నూనెతో ఆ చిక్కు లేదు. అది తినేది కాదు. పైగా మామూలు నూనె రబ్బరులో కలిసి ఉంటుందే తప్ప అతుక్కోదు. కాలం గడిచేకొద్దీ బయటికి వచ్చి రబ్బరు గట్టిపడుతుంది. తొక్క నూనె నుంచి తీసే కార్డనాల్‌కు 15 కార్బన్ల పొడవైన తోక ఉంటుంది. అందులోని ద్విబంధాల ఆధారంగా, పెరాక్సైడ్ వంటి రసాయనం సాయంతో, దాన్ని రబ్బరు గొలుసుకే అంటుకట్టవచ్చు. తోక రబ్బరును మెత్తబరుస్తుంది, ఫినాల్ భాగం ఆక్సీకరణను అడ్డుకుంటుంది. ఐఐటి ఖరగ్‌పూర్ పరిశోధకులు సహజ రబ్బరు మీదా, స్టైరీన్ బ్యూటడైన్ మీదా ఈ ప్రయోగాలు చేసి ఆశాజనక ఫలితాలు ప్రచురించారు.

ప్రయోగశాలలో నెగ్గినంత మాత్రాన రోడ్డు మీద నెగ్గినట్టు కాదు. తడి రోడ్డు మీద పట్టు, వేల కిలోమీటర్ల అరుగుదల తేలాలి. తొక్క నూనె నాణ్యత ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ముడిచమురు చవకైన రోజున కూడా ధర గిట్టుబాటు కావాలి. ప్రైవేటు కంపెనీలు ఒక్కటే మోసే భారం కాదిది. వాడిపారేసిన టైర్ల బాధ్యతను 2022లో తయారీదారుల మీద పెట్టిన కేంద్రం, టైరు పుట్టుకలో కలిసే నూనెల మీదా అంతే శ్రద్ధ చూపాలి.

పలాసలో జీడిపిక్కలు కొట్టే మహిళల వేళ్లను కాల్చేది ఈ నూనే. పప్పుకు పలికే ధరలో వారికి దక్కేది కొద్దిపాటి కూలి. రేపు తొక్కకూ గిరాకీ వస్తే ఆ లాభంలో చేతి తొడుగులు, సురక్షిత యంత్రాలు, మెరుగైన కూలి వారి వాటా కావాలి. లేకపోతే టైరు పచ్చదనం గురుగ్రామ్ కార్యాలయాల నివేదికల్లోనే మిగులుతుంది.