దిద్దవలసింది మూలాన్నే

సావనీర్ అనగానే మనకి అట్ట, బొమ్మలు, అక్షరాల సోకు గుర్తొస్తాయి. సోకు వద్దని నేననను. కాని మేటరు ఒకచోట, దాని వేషం వేరొకచోట ఉండాలన్నది నా అభిప్రాయం.

1998లో ఎక్స్.ఎం.ఎల్. ప్రమాణం వచ్చింది. ఇది శీర్షిక, ఇది రచయిత పేరు, ఇది పేరా అని గుర్తులు పెట్టి రాసుకోవడం దాని పద్ధతి. 1999లో వచ్చిన ఎక్స్.ఎస్.ఎల్.టి. అనే స్టైల్‌షీట్ భాష ఆ మూలాన్ని చూడముచ్చటైన పుటగా మార్చి ఇస్తుంది. ఒకే వ్యాసం అచ్చుకొక తీరుగా, ఫోనుకొక తీరుగా తయారవుతుంది.

చిక్కల్లా దిద్దుబాటు దగ్గరే. తెర మీద పుటలో తప్పు కనబడితే అక్కడే దిద్దేస్తే పోతుంది కదా అనుకుంటాం. పోదు! మూలంలో ఒక్కసారే ఉన్న శీర్షిక, పుటలో విషయసూచికలోనూ వ్యాసం పైనా వస్తుంది. వరస సంఖ్యలు స్టైల్‌షీట్ వేసినవే, మూలంలో అసలుండవు. కొన్ని భాగాలు పుటలోకి రానే రావు. అటువంటప్పుడు పుటను చూసి మూలాన్ని రాబట్టడం ఎలాగ? అనకాపల్లి వాళ్లకి వేరే చెప్పాలా! పాకం పెనంలో కాగుతుండగానే తెట్టు తియ్యాలి. దిమ్మ కట్టాక పైన ఎంత చెక్కినా లోపలి మడ్డి పోతుందా?

పోనీ మూలాన్ని దిద్దుదామంటే అదీ సులువు కాదు. గుర్తుల నడుమ తెలుగు వాక్యాన్ని వెతుక్కోవాలి. ఒక్క ముగింపు గుర్తు మరిచిపోతే పుటకి బదులు తప్పు ఉందన్న కబురొస్తుంది.

చూపించడంలోనూ తిప్పలే. 2007లో, 2017లో ఈ భాషకి కొత్త రూపాలొచ్చినా బ్రౌజర్లు 1999 నాటి దానితోనే ఆగిపోయాయి. దాన్ని కూడా తీసేసే ఉద్దేశాన్ని క్రోమ్ వారు 2025లో ప్రకటించారు. మూలం చేతిలో ఉన్నవాడికి భయం లేదు, వేరే పనిముట్టుతో మళ్లీ పుట కట్టుకుంటాడు. వేషమే సర్వస్వం అనుకున్నవాడి గతేమిటి? పాత డి.టి.పి. ఫాంట్లలో కొట్టిన తెలుగు అలాంటిదే. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనబడతాయి. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా ఈ అవస్థ ఎందుకు?

అందుచేత యూనియన్ వారికి నా మనవి. ఏటా సావనీర్ యూనికోడ్ మూలాన్నీ, స్టైల్‌షీట్‌నీ, తయారైన పుటల్నీ మూడింటినీ కాలేజీ లైబ్రరీలో దాచండి. అచ్చుకి ముందు వచ్చే ప్రతి దిద్దుబాటూ మూలంలోనే చేయించండి. ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. మన తరవాత వచ్చే తమ్ముళ్లూ చెల్లెళ్లూ మన రాతల్ని చదువుకోగలుగుతారు.